అత్తమ్మకు చెప్పలేనిది

నాచారం, మంగళవారం రాత్రి

బాబు రక్తంలో ఇప్పుడు లుకేమియా కణాలు లేవని డాక్టరమ్మ చెప్పింది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన కొందరు పిల్లల్లో పూర్తిగా ఎదగని రక్తకణాలు ఇలా కనిపించి, వాటంతటవే పోతాయట. అయినా నాలుగేళ్ళు వచ్చేదాకా పరీక్షలు చేయిస్తూ ఉండాలి.

ఉప్పల్‌లో ఆటో ఎక్కినప్పటి నుంచి అత్తమ్మ నవ్వుతూనే ఉంది.

"సూసినవా, మందు లేకుంటనే పోయింది! గట్లనే వీని మొఖం గూడ మంచిగైతది. జర ఓపిక పట్టు బిడ్డా."

డౌన్ సిండ్రోమ్ పోయేది కాదని నాకు తెలుసు.

సాయంత్రం అత్తమ్మ బాబును కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె వేళ్ళతో వాడి చప్పిడి ముక్కును ఎంతోసేపు పైకి లాగింది. నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

ఈ ముఖం ఇలాగే నాకు ఇష్టమని ఈ ఇంట్లో ఎవరితో చెప్పుకోను?