ఇసుక బల్ల మీద మన ఊరు

సికింద్రాబాద్,
శుక్రవారం.

అమ్మా, ప్రభువు దయవల్ల ఒంట్లో బాగానే ఉంది, దిగులు పెట్టుకోకు. ఇక్కడ ఆఫీసర్లకు పెద్ద బల్లమీద ఇసుకతో ఊరు చేసి, దానిమీద యుద్ధం ఆడించి పాఠం చెబుతారు. ఆ ఊరు చేసే పని నాది. ఎక్కడా లేని ఊరు చెయ్యమన్నారు. నాకు చేతకాక మన ఊరే చేశాను. కాలవ, చర్చి, దాని వెనక సమాధుల తోట, మన ఇల్లు అన్నీ పెట్టాను. బుధవారం ఆటలో మన ఇంటిమీద ఫిరంగి గుండు పడిందని మేజరుగారు తీర్పు చెప్పి, ఇల్లుగా నేను పెట్టిన చెక్కముక్క తీసేయించారు. ఆటలో అది మామూలే. మర్నాడు గది తలుపు తీస్తే, తాతయ్య సమాధి పక్కన ఇంకో చిన్న దిబ్బ లేచి ఉంది. నేను చెయ్యలేదు. గది ఊడ్చే పర్వతాలును గద్దిస్తే, "నేను ముట్టలే సార్! తాళంచెవి మీ జేబులనే ఉండె గద?" అన్నాడు. అరచేత్తో చదును చేశాను. ఈ పొద్దున మళ్లీ ఉంది. బల్లమీద ఇసుకంతా పొడిగా ఉంటే, అదొక్కటే తడిగా ఉంది.

ఇంటి చెక్కను మళ్లీ దాని చోట పెట్టేశాను. మేజరుగారు తిడితే తిట్టనీ.

నాన్న దగ్గు తగ్గిందా? వానలు రాకముందే పాక కప్పించండి. ఎవరైనా ఇటు వస్తుంటే ఆవకాయ పంపు. పాస్టరుగారికి వందనాలు చెప్పు.

కళ్లు ఆనడం లేదని ఎప్పట్లా చెల్లి దేవకృప చేత రాయించకు. రెండు ముక్కలైనా సరే, ఈసారి జవాబు నీ చేత్తో నువ్వే రాయి.

నీ కొడుకు,
నోవహు