మధ్యలో మా ఊరు

మార్చి తొమ్మిది, శనివారం.

పిన్నీ,

పొద్దున్నే బట్టలు ఇస్త్రీ చేస్తూ అమ్మ నోరు జారింది. పెద్దమ్మ కూతురు పట్టా పుచ్చుకోవడం చూడటానికి నువ్వు ఈ రాత్రే విమానం ఎక్కుతున్నావట! నాకెందుకు చెప్పలేదని అడిగితే, "చెప్తే కుళ్ళుకుంటావనే" అంది. వ్యాసాల్లో "ఈర్ష్య" అని రాయమంటారు మా మాస్టారు. కానీ నాది అచ్చంగా కుళ్ళే పిన్నీ.

నా వ్యాసానికి కప్పు ఇచ్చే రోజున రమ్మంటే, విమానంలో అంతసేపు కూర్చుంటే నడుం పట్టేస్తుందన్నావు. అందుకని మీ ఊరికీ అక్క ఊరికీ ఎంత దూరమో కంప్యూటర్లో చూశాను. ఎనిమిది వేల కిలోమీటర్లు, గాల్లోనే పది గంటలు. నేరుగా వెళ్ళే విమానమే లేదు. సగం దారిలో మా ఊళ్ళో దిగి, ఐదు గంటలు ఆగి, ఇంకో విమానం ఎక్కాలి. నా దాకా రాలేని నడుం నన్ను దాటి ఎలా పోతుంది పిన్నీ?

అక్కకి కొన్న కానుక నాకు చూపించక్కర్లేదు. ఎక్కేముందు ఫోన్లో ఈ ఉత్తరం చదువు, చాలు. రేపు పొద్దున ఆరింటికి నీ విమానం దిగుతుంది. నేను ఐదున్నరకే కప్పు పట్టుకుని విమానాశ్రయం అద్దాల తలుపు బయట నిలబడతాను. నన్ను లోపలికి రానివ్వరు. నువ్వే బయటికి రావాలి.