ఎలీసెయో వచ్చే రోజు

అక్టోబర్ 9
ప్రియమైన మరిది ఫిదెన్సియోకు,

నువ్వు ఊరు వదిలి నాలుగేళ్ళు. పుయెబ్లా నగరంలో అంత రాచకార్యాలేమున్నాయో! ఏటా ఈ రోజుల్లో మనల్ని చూడ్డానికి తిరిగొచ్చే మన చనిపోయినవాళ్ళందరికీ ఈసారి ఊరు కలిసి కూడలిలో ఒకే పీఠం కడుతోంది. ఎవరు ఎలా పోయారో దాన్నిబట్టి ఎవరి ఫొటో ఏ రోజున పెట్టాలో ఎర్లిందా పిన్ని పట్టీ రాస్తోంది. మీ అన్నయ్య ఎలీసెయోను ఇంట్లో చేసినట్టే నవంబర్ ఒకటిన, జబ్బుతో పోయిన పెద్దల వరుసలో రాయించాను. నీ వంతు బంతిపూలు పంపు. నువ్వూ రా, కాళ్ళేం అరిగిపోవులే.

మీ వదిన ఓతిలియా

అక్టోబర్ 14
ప్రియమైన వదినకు,

పూలు పంపుతున్నాను. అన్నయ్యను అక్టోబర్ ఇరవై ఎనిమిదో తేదీ కింద రాయించు. కారణం అడగకు. నాకు సెలవు దొరకదు.

నీ ఫిదెన్సియో

అక్టోబర్ 17
ఫిదెన్సియోకు,

'ప్రియమైన' అని రాయబుద్ధి కాలేదు. ఇరవై ఎనిమిదో తేదీ, ప్రమాదాల్లో పోయినవాళ్ళది. నీ మాట చెప్పగానే ఎర్లిందా పిన్ని కలం ఆపి, "ఏమే, గుండె ఆగి పోయాడన్నారు కదా? నాలుగేళ్ళకు మాట మార్చారా?" అంది. చర్చికి సున్నం వేస్తూ గుండె పట్టుకుని కూలిపోయాడని నా ఎదుట నిలబడి చెప్పింది నువ్వే. ఇప్పుడు నిజం రాయి.

ఓతిలియా

అక్టోబర్ 21
వదినా,

నిచ్చెన పట్టుకోవాల్సింది నేను. పక్కనే కల్లు కొట్టుంటే వెళ్ళాను. "తొందరగా రారా, ఇది ఊగుతోంది" అన్నాడు అన్నయ్య. నేను ఇంకో ముంత అడిగాను. తిరిగొచ్చేసరికి ఆయన కింద ఉన్నాడు.

నీకు అబద్ధం చెప్పి బతకొచ్చనుకున్నాను, బతికాను కూడా. కానీ అలా పోయినవాళ్ళకు దారి తెరిచేది ఇరవై ఎనిమిదినే కదా. ఆ రోజు మన ఇంట్లో దీపం లేదు, నీళ్ళు లేవు. నాలుగేళ్ళూ వచ్చి దాహంతో తిరిగిపోయి ఉంటాడు. ఇప్పుడు ఊరంతా కలిసి కూడా ఆయన రాని రోజునే పిలవబోతోంది. అది చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. నన్ను తిట్టు వదినా.

పాపిష్టి ఫిదెన్సియో

అక్టోబర్ 24
ప్రియమైన ఫిదెన్సియో,

మీ అన్నయ్యకు ఆఖరి స్నానం చేయించింది నేను. పగిలిన తలను ఈ చేతులతోనే కడిగాను. గుండె ఆగినవాడి తల అలా ఉండదని నాకు తెలియదనుకున్నావా? ఏటా ఇరవై ఎనిమిదిన వంటింటి తలుపు మూసుకుని రొట్టె, నీళ్ళు, కొవ్వొత్తి పెడుతూనే ఉన్నాను. ఆయన పస్తుతో వెళ్ళలేదు, ఆ బెంగ వదిలెయ్. నీ నోటితో నువ్వే చెబుతావని ఎదురుచూశాను. నాదీ తప్పే. కట్టుకున్నవాణ్ణి నాలుగేళ్ళు దొంగచాటుగా పిలిచాను.

ఈ రోజు ఎర్లిందా పిన్నితో ఆయన పేరు ఇరవై ఎనిమిదో తేదీ కింద రాయించాను. పడిపోయాడని మాత్రమే చెప్పాను. మిగతాది చెప్పాల్సినవాడివి నువ్వు. క్షమించానని రాద్దామని కూర్చున్నాను, చెయ్యి రావడం లేదు. కానీ ఆయన వచ్చినట్టు అనిపించిన ప్రతిసారీ ముందు నన్ను పలకరించడు. "తమ్ముడేడీ?" అంటాడు. ఈ ఏడు ఆయనకు నేను జవాబు చెప్పను. బస్సెక్కు.

వదిన