మళ్లీ ‘అ’ నుంచేనా, అత్తమ్మా?

అత్తమ్మా, వందనాలు. నువ్వు మమ్మల్ని విడిచి ఐదు నెలలు దాటింది. ఇంట్లో అందరం బాగున్నాం. నేనే... ఊరికే ఒంటికాలి మీద లేస్తున్నానని నీ కొడుకు అంటున్నాడు.

లేవనా మరి? యూనివర్సిటీ పిల్లలు మళ్లీ వచ్చారు. అదే, సర్వీస్ లెర్నింగ్ అని తమ చదువులో భాగంగా మనకు అక్షరాలు నేర్పడానికి వచ్చేవాళ్లు. దబీర్‌పురాలో మన మహిళా సంఘం గదికి ప్రతి సెమిస్టర్‌కూ కొత్త ముఖాలు, కొత్త టీషర్టులు, పలక మీద మళ్లీ అదే ‘అ’. గుణింతాల దాకా వచ్చేసరికి వాళ్లకు పరీక్షలు. కేకు కోసి, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. తర్వాత వచ్చేవాళ్లు మళ్లీ మొదటికి.

తప్పంతా వాళ్లదేనా? మొదటి రోజు మీకేం వచ్చో రాయమని కాగితాలిస్తారు. ఆఖరి రోజు మళ్లీ రాయిస్తారు. మధ్యలో మనం ఎంత నేర్చుకుంటే వాళ్లకన్ని మార్కులు. ఆ సంగతి తెలిసిన రోజు నువ్వేమన్నావు? “పాపం, దూరంకెళ్లి వచ్చిండ్రు పిలగాండ్లు. మనం తెల్వనట్టు కూసుంటే మన సొమ్మేం పోతది?” అని నీ కాగితం తెల్లగానే ఇచ్చేశావు. నిన్ను చూసి మిగతావాళ్లూ అంతే.

ఏం పోయిందో ఇప్పుడు చెప్పనా?

దవాఖానలో ఆయా పని నుంచి రిటైరయ్యాక నువ్వు పలక పట్టింది ఒక్కదాని కోసం. గురువారం స్త్రీల కూడికలో నీ వంతు వచ్చినప్పుడు బైబిల్ తెరిచి పైకి చదవాలని. ప్రతిసారీ ఏమనేదానివి? “అద్దాలు ఇంట్ల మరిచిపోయిన బిడ్డా, నువ్వు సదువు.” అద్దాలు నీ సంచిలోనే ఉండేవి. అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు... ఆ కోరిక తీరకుండానే పోయావు. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వస్తోంది అత్తమ్మా.

మొన్న కొత్త పిల్లలు కాగితాలు పంచారు. మన పక్కింటి మల్లమ్మత్త, సైదాబాద్ బస్సు బోర్డు కూడబలుక్కుని చదివే మనిషి, తెల్ల కాగితం మడిచి ఇచ్చేసింది. నువ్వు చెప్పిన మాటేనట! నాకు తిక్క రేగింది. వాళ్ల మేడం ముందే ఉన్నదంతా చెప్పేశాను. వీళ్లకు గుణింతాలు వచ్చు, అక్కడి నుంచి మొదలుపెట్టండి అన్నాను. కోర్సు ప్లాన్‌లో అది కుదరదట. ఆలోచించి చెబుతానని మర్యాదగానే వెళ్లింది. ఇంతవరకు ఫోన్ లేదు, పిల్లలూ మళ్లీ రాలేదు.

ఇప్పుడు లొల్లంతా నా మీద. వచ్చిన పిల్లలను వెళ్లగొట్టానని మల్లమ్మత్త నాతో మాట్లాడటం లేదు. నీ మొహమాటం నీతో పోలేదు, అందరికీ అంటించి పోయావు. నేను చేసింది తప్పంటావా? ఏమో... ఆ పిల్లలు చెడ్డవాళ్లు కాదు. నీకు బాగాలేదని విని, పోయినసారి వచ్చినవాళ్లలో ఒకమ్మాయి ద్రాక్షపండ్లు కూడా తెచ్చింది. అలాగని ‘అ’ దగ్గరే అందరూ ముసలివాళ్లైపోవాలా?

సాయంత్రాలు ఇప్పుడు నేనే చెబుతున్నాను. నాకు చెప్పడం చేతకాదు, ప్రతిదానికీ కసురుకుంటాను. అయినా ముగ్గురు వస్తున్నారు. మల్లమ్మత్త గడప అవతలే కూర్చుని, నా ముఖం చూడకుండా వింటోంది.

ఈ ఉత్తరం నువ్వు చదవలేవు. ఎవరో ఒకరు చదివి వినిపించాల్సిందే. అందుకే మాటిస్తున్నాను. మల్లమ్మత్తకు చదవడం వచ్చిన రోజు దీన్ని ఆమె చేతిలో పెడతాను. నీ సమాధి దగ్గర, నీ అద్దాలు పెట్టుకుని, నన్ను తిట్టుకుంటూనే, నీకు వినపడేలా చదువుతుంది.

ఆ రోజు అద్దాలు మాత్రం ఇంట్లో మర్చిపోను.

నీ కోడలు
సునీత