మిగిలిన గట్టు

ఆత్మకూరు

చెల్లెలు సరళకు అక్క ఆశీస్సులు.

ఫోన్‌లో చెబితే వాదిస్తావని రాసి పంపుతున్నాను. ఈరోజు తెల్లవారుతూనే సోమశిల దగ్గర ఏటికి దండం పెట్టుకుని, చెప్పుల్లేకుండా నడక మొదలుపెట్టాను. నీ మొక్కు ప్రకారం సంగమేశ్వరుడి గుడిదాకా పెన్న గట్టు వెంటే నడవాలి కదా, నువ్వు నడవలేవని నీ బదులు నేను బయల్దేరాను. తమ్ముడు నరసింహ నీళ్ల సీసాలు పట్టుకుని తోడొచ్చాడు. పొద్దెక్కేసరికి మంచు విడిపోయింది. రెల్లు దుబ్బుల అవతల ఏరు అంత వెడల్పునా చప్పుడు లేకుండా, ఎండను మోసుకుంటూ పోతోంది. ఇసుక దిబ్బ మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. చాలాసేపు నిలబడిపోయాను. నీ కోసం అడగాలన్న సంగతే గుర్తు రాలేదు సరళా. ఆసుపత్రుల చుట్టూ తిరిగిన ఈ ఏడాదిలో, ఏమీ అడగకుండా చేతులు జోడించింది అప్పుడే.

మధ్యాహ్నానికి మోకాలు వాచి అడుగు పడలేదు.

"ఆటోలో పోదాం పా అక్కా. దేవుడేమన్నా కెమెరా పెట్టుకోని ఉండాడా?" అన్నాడు నరసింహ.

నాకు నవ్వు రాలేదు. మొక్కు తీరందే ఆపరేషన్ వద్దని నీ పట్టుదల. సోమవారం దాటితే కష్టమని డాక్టర్ మాట.

సాయంత్రం ఇంట్లో అందరం కూర్చున్నాం. నాకు తగ్గేదాకా ఆగుదామన్నాను. "ఒక కడుపున పుట్టినోళ్లు. ఎవురి కాళ్లయితే ఏంది?" అంది అమ్మ. గుడి మెట్టెక్కని నరసింహ లేచి, గుమ్మం దగ్గరున్న తన చెప్పులు తీసి, నేను మొక్కు కోసం విడిచిన చెప్పుల పక్కన పెట్టాడు. నేను ఆగిన చోటు నుంచి రేపు వాడు నడుస్తాడు. నువ్వు సోమవారం ఆసుపత్రిలో చేరాలి.

మీ అక్క