పది గింజలు, ముందెవరు?

ఎగువగూడెం, అనంతగిరి మండలం

చిరంజీవి హేమలతకు చిన్నాన్న గాసి ఆశీస్సులు.

ఫోన్ చేద్దామంటే సిగ్నల్ కోసం కొండెక్కాలి. ఎక్కేసరికి కోపం చల్లారిపోతోంది. అందుకే ఉత్తరం.

నాట్లకు ముందు దిగువగూడెంతో జరిగే గింజల పోటీలో వరుసగా మూడేళ్ళు ఓడిపోయాం. నీకు తెలుసుగా, పది రాజ్‌మా గింజల్ని వంతులవారీగా కుప్పలు పెట్టాలి. మన కుప్పల్లో ఏ రెండూ సమానంగా ఉండకూడదు. దిగువగూడెం వాళ్ళ ప్రతి కుప్పలోనూ బేసి గింజలే ఉండాలి. ఆరూ నాలుగూ అని ఒకసారి పెట్టిన రకం మళ్ళీ పెట్టకూడదు. వంతు వచ్చినా కొత్త రకం దొరకనివాళ్ళు ఓడినట్టు. గెలిచినవాళ్ళ మడులకే ఊట నీళ్ళు ముందు. నిరుడు మన నారంతా ఎండిపోయింది.

పది రకాలు పెడతాం, పదకొండోది దొరకదు. వాళ్ళ తరఫున అప్పలనర్సమ్మ అనే ముసలావిడ తడుముకోకుండా పెట్టేస్తుంది. ఇందులో మోసం ఉంది. విశాఖలో లెక్కల పీహెచ్‌డీ అంటున్నావు కదా, ఆలస్యం చెయ్యక అదేదో బేగి పట్టు. వచ్చే నెలలోనే పోటీ.

గాసి

తా.క.: ఇది చదివి నీకు కోపం రాకపోతే మళ్ళీ చదువు.

---

విశాఖపట్నం

చిన్నాన్నకు నమస్కారాలు.

మోసం లేదు. గింజలు పదైనా వందైనా, మనకెన్ని రకాలొస్తాయో వాళ్ళకీ సరిగ్గా అన్నే. నా థీసిస్ మొదటి పేజీయే ఇది. మన రకాల్ని లెక్కపెట్టే అంతులేని గుణకారం ఒకటుంది, వాళ్ళకొకటుంది. చూడ్డానికి వేరు, విలువ ఒకటే. ఇద్దరూ సమానం.

హేమలత

తా.క.: ఇంతకీ ముందు పెట్టేదెవరు?

---

ఎగువగూడెం

హేమలతకు (చిరంజీవి అని రాయను),

సమానమా? ఎండిన నారూ పచ్చని నారూ సమానమా? నీ ఉత్తరం రెండు గూడేల ముందూ చదివాను, బుద్ధిలేక. "సూడండి, మీ సదువుకున్న గుంటే సెప్పింది!" అని దిగువగూడెం వాళ్ళు ఈలలేశారు. వాళ్ళ ఉదయ్ నీ కాలేజీలోనే చదువుతున్నాడట. ఇప్పుడర్థమైంది నీ లెక్క ఎవరి తరఫునో!

ముందెవరా? మేమే! ఎగువగూడెం పెద్దలం. "తమరే ముందండీ" అని వాళ్ళు చేతులు కట్టుకు నిలబడతారు. నీకు లేని మర్యాద వాళ్ళకుంది.

గాసి

తా.క.: నీకోసం మూట కట్టిన కాఫీ గింజలు విప్పేశాను.

---

విశాఖపట్నం

చిన్నాన్నా,

ఇప్పుడు కోపం నాకొచ్చింది. ఉదయ్‌ది కెమిస్ట్రీ. వాడికి గింజల సంగతే తెలీదు.

మిమ్మల్ని ముంచింది ఆ మర్యాదే! ఇద్దరికీ పదేసి రకాలు. ముందు మొదలుపెట్టినవాళ్ళవే ముందు అయిపోతాయి. అప్పలనర్సమ్మ మీరు పెట్టింది చూసి సరి కుప్పల్ని సగానికి సగం విడదీస్తోంది, అన్నీ బేసి అయ్యేదాకా. మీరు ఆరూ నాలుగూ పెడితే ఆవిడ రెండు మూళ్ళూ నాలుగు ఒకట్లూ పెట్టి ఉంటుంది. అవునా కాదా?

ఈసారి రెండో వంతు తీసుకోండి. వాళ్ళ కుప్పల్లో సమానమైనవాటిని జతలు జతలుగా కలుపుకుంటూ పోండి, ఏ రెండూ సమానంగా మిగలనంతవరకు. ప్రతిసారీ కొత్తదే వస్తుంది.

హేమలత

తా.క.: కాఫీ గింజలు మళ్ళీ మూట కట్టండి.

---

ఎగువగూడెం

హేమలతకు,

పోటీ రోజు పొద్దున్నే చేతులు కట్టుకుని "ముందు మీరే" అన్నాను. అప్పలనర్సమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "అయ్యో, పెద్దలు తమరుండగా మేం ముందేటి?" అంది. "ఈ యేడు పెద్దరికం మీకే ఇచ్చేశాం" అన్నాను. "మాకొద్దు బాబూ!" అంది. మధ్యాహ్నం దాకా ఇదే మర్యాద. ఒక్క గింజ కదల్లేదు.

చివరికి మీ పిన్ని లేచింది. "ఇద్దరూ సమానమని మా గుంట రాసింది కదా! మరి నీళ్ళకి ముందేటి, ఎనకేటి?" అని అరిచింది. రెండు గూడేల ఆడవాళ్ళూ పారలు పట్టుకెళ్ళి ఊట కాలువని రెండుగా చీల్చేశారు.

మన మడిలో నీళ్ళున్నాయి. నారు పచ్చగా ఉంది. గెలవకుండానే! తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

గాసి

తా.క.: సగం చేసే విద్య అప్పలనర్సమ్మ మేకలు కాస్తూ ఒక్క పూటలో నేర్చుకుందట. నీ చదువింకా ఎన్నేళ్ళని అడుగుతోంది. కాఫీ గింజలు సగమే పంపుతున్నాను. మిగతా సగం ఆవిడకిచ్చాను, కోపంగానే.