కాళ్ళు ఆరేదాకా

అమ్మా సొన్నమ్మా,

నువ్వు, అల్లుడు, పాప బాగున్నారా? పట్టుపురుగులు ఆకు బాగా మేస్తున్నాయా? సాయానికి రమ్మని రాసినావు. ఈ అమ్మకు పరుగెత్తి రావాలనే ఉంది. కానీ నా కాలివేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా నాని చీలింది. డాక్టరు బూజు రోగమన్నాడు. పోయిన పంటలో మన పురుగులు తెల్లగా బూజు పట్టి చచ్చినాయి గదా, అప్పుడు ఆకు వేసింది నేనే.

"పురుగులకు ఇది అంటదవ్వా. సందులు తడి లేకుండా తుడుచుకో, దురద పోయినా నాలుగు వారాలు మందు పూయి" అన్నాడు. ఆయనెప్పుడైనా పురుగులు సాకినాడా?

ఈ కోరమండల్ బంగారు గని కూలీల లైన్ల ఇళ్ళలో పలకరించేవాళ్ళు లేరు. వేళ్ళు తుడుచుకుంటూ పొద్దు పుచ్చుతున్నాను. నా కాలి సంగతి అల్లుడికి చెప్పొద్దు తల్లీ. పట్టుగూళ్ళు మార్కెట్టుకు పోయినాక, మార్చి పదహారు, బేస్తవారం వస్తాను.